శుక్రవారం రాత్రి మాత్రం వద్దు చిట్టీ

చిట్టీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, దానికి లీడ్ ఇచ్చారంటరా, శుక్రవారం రాత్రి కొత్త వెబ్‌సైట్ లైవ్‌లో పెడుతుందంట అని ఒకటే సంబరం. నాకూ గర్వంగానే ఉంది కానీ ఆ శుక్రవారం రాత్రి అన్న మాట విన్నాక కాఫీ గొంతు దిగలేదు.

ఇంకొకళ్ళు చూడకుండా కోడ్ కలపకూడదు, అదే రివ్యూ లేకుండా మెర్జ్ చెయ్యకూడదు లాంటివి నీకు నేను చెప్పేదేంటి. మా రోజుల్లో ఎఫ్‌టీపీలో ఫైల్ లాగి నేరుగా లైవ్ సర్వర్ మీద పడేసేవాళ్ళం, ఆఖర్న ఎవడు అప్‌లోడ్ చేస్తే వాడిదే సైట్, వెనక్కి పోవాలంటే "ఇండెక్స్ ఓల్డ్ 2" అని ఎవడో దాచుకున్న ఫైలే దిక్కు. మీరు నయం. స్టేజింగ్‌లో, అదే లైవ్‌కి ముందు పరీక్షించే నకలు సైట్‌లో మాత్రం కస్టమర్ల అసలు ఫోన్ నంబర్లు ఉంచకండి, మీవాళ్ళ టెస్ట్ ఎస్సెమ్మెస్ అర్ధరాత్రి ఎవరికో పోతుంది.

నా భయమంతా బ్యాకప్ గురించే. ఉందిగా మామయ్యా అంటావు, నాకు తెలుసు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ వాళ్ళూ ఉందనే అనుకున్నారు. 2017 జనవరి 31, సైట్ మీద స్పామ్ లోడ్ పడి అసలు డేటాబేస్‌కి నకలుగా ఉండే రెండో సర్వర్ వెనకబడిపోయింది, దాన్ని ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెడదామని ఒక ఇంజనీర్ రాత్రి పొద్దుపోయాక డిలీట్ కమాండ్ కొట్టాడు. డీబీ2 అనే ఆ రెండో దాంట్లో కొట్టాల్సింది డీబీ1లో కొట్టాడు, అదేమో అసలు ప్రొడక్షన్, అంటే జనం వాడే లైవ్ డేటా. ఒకట్రెండు సెకన్లలో తెలిసి ఆపేశాడు, అప్పటికే 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే బ్యాకప్ తీద్దామని చూస్తే బ్యాకప్‌లు దాచే ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్ స్టోరేజ్) ఖాళీ! డంప్, అంటే డేటా మొత్తానికి కాపీ తీసే టూల్ 9.2 వెర్షన్, డేటాబేస్ 9.6, దాంతో అది రోజూ ఫెయిలవుతూనే ఉంది, ఫెయిలైందని పంపే మెయిళ్ళు కూడా మెయిల్ సర్వర్ రిజెక్ట్ చేసేసింది, ఇంక ఎవడికి తెలుస్తుంది చెప్పు. చివరికి కాపాడిందేంటో తెలుసా, స్టేజింగ్! ఏదో టెస్టింగ్ కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన డేటాబేస్ స్నాప్‌షాట్ ఒకటి అక్కడ ఉంది. స్టేజింగ్ డిస్కులు స్లో కాబట్టి అది కాపీ అవ్వడానికే దాదాపు 18 గంటలు పట్టింది, ఆ ఆరు గంటల డేటా పోయిందంటే పోయింది.

అందుకే ఈ వారంలో ఒకసారి మీ బ్యాకప్‌ని విడిగా ఒక సర్వర్‌లో రీస్టోర్ చేసి చూడు, ఎన్ని గంటలు పట్టిందో రాసి పెట్టుకో, నాకు వాట్సాప్ చెయ్యి. చెయ్యకపోతే నేనే ఫోన్ చేసి విసిగిస్తా. ప్రొడక్షన్‌లో కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోకి ఎర్ర రంగు పెట్టించు, ఏ సర్వర్‌లో ఉన్నారో కంటికి కనబడుతుంది. డేటాబేస్ టేబుల్లో పాత కాలమ్‌ని ఈ రిలీజ్‌లోనే డ్రాప్ చెయ్యకు, రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కి వెళ్తే పాత కోడ్ దాన్నే వెతుక్కుంటుంది. కమాండ్ ఒకళ్ళు టైప్ చేస్తే పక్కన ఇంకొకళ్ళు చదవాలి, ఆ ఇంకొకళ్ళు నువ్వే ఉండు. ఎవరైనా కుర్రాడు తప్పు చేస్తే అందరి ముందూ అరవకు తల్లీ, ఇంకోసారి తప్పు జరిగితే వాడు నీకు చెప్పడు. గిట్‌ల్యాబ్ వాళ్ళు ఆ ఇంజనీర్ పేరు కూడా రిపోర్ట్‌లో పెట్టలేదు.

నువ్వూ రాత్రంతా బిస్కెట్ల మీద బతక్కు, నీ గ్యాస్ ట్రబుల్ సంగతి నాకు తెలుసు.

శుక్రవారం మానేసి మంగళవారం పొద్దున పెట్టుకో, ఏదైనా తేడా వస్తే మీవాళ్ళందరూ ఆఫీసులోనే ఉంటారు. మంగళవారం కొత్త పని మొదలుపెడతారా అని అమ్మమ్మ గొడవ చేస్తుంది, ఆవిడ సంగతి నేను చూసుకుంటా.

మామయ్య