కెల్టిక్ నాణేల మీద పిచ్చిగీతలేనా? తలకిందులుగా పట్టుకుంటే అంతే మరి

ప్రశ్న: "గ్రీకు, రోమన్ నాణేల మీద ముఖాలు ఫొటో తీసినట్టు ఉంటాయి. కెల్టిక్ నాణేల మీద మాత్రం చుక్కలు, పిచ్చిగీతలు. డబ్బు పోసి వీటిని ఎవరు కొంటారు, ఎందుకు?"

నేను కొంటాను. రోమన్లు రాకముందు బ్రిటన్, ఫ్రాన్స్ వైపు ఉండిన కెల్టు తెగల నాణేలివి. నా దగ్గర ఇప్పటికి తొమ్మిది ఉన్నాయి. పదోదానికి ఇంట్లో ఇంకా అనుమతి రాలేదు. ఎందుకో చెప్పేముందు ఒక సిగ్గుచేటు సంగతి ఒప్పుకోవాలి. మొదటి నాణెం కొన్నాక పదిహేను రోజులు దాన్ని తలకిందులుగా పట్టుకునే చూశాను.

నేనుండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఆ రోజు లండన్ నాణేల సంతకి వెళ్లింది కెల్టిక్ నాణెం కోసం కాదు. మాది నల్గొండ జిల్లా. మా జిల్లా అక్కనపల్లిలో బయటపడ్డ రోమన్ వెండి నాణేల్లో చక్రవర్తులు అగస్టస్‌వి, టిబెరియస్‌వి ఉన్నాయి. అలాంటి టిబెరియస్ వెండి నాణెం ఒకటి కొనుక్కుందామని ఆశ. "కైసరువి కైసరుకు" అని యేసు చూపించింది ఆ నాణేన్నే అని పేరు పడిపోయింది కాబట్టి దాని ధర ఎప్పుడూ కొండమీదే. ధర విని నా ముఖం ఎలా మారిందో గానీ, అమ్మే పెద్దాయన మాట్లాడకుండా పక్క పళ్లెం నా ముందుకు జరిపాడు. 80 పౌన్లు. ఇప్పటి డోర్సెట్ ప్రాంతంలో ఉండిన డ్యూరోట్రిజీస్ అనే తెగ వాళ్ల నాణెం. వెండే, కానీ రాగి బాగా కలిసిన వెండి. రాజు పేరు లేదు, ఒక్క అక్షరం లేదు. ఊరికే వెనక్కి రావడం ఇష్టంలేక కొన్నానంతే.

ఇంటికొచ్చి బల్లదీపం కింద భూతద్దం పెట్టి చూస్తే ఒకవైపు ఇటుకల వరసలాంటిది, చుట్టూ నెలవంకలు. రెండోవైపు పైకి నిలబడ్డ నాలుగు కడ్డీలు, కింద చుక్కల గుంపు. నాకు వెంటనే మన శాతవాహనుల ఓడ నాణెం గుర్తొచ్చింది, రెండు తెరచాప కొయ్యలతో ఉంటుందే, ఆ సీసం నాణెం. డ్యూరోట్రిజీస్ వాళ్లకు హెంగిస్ట్‌బరీ హెడ్ దగ్గర రేవు ఉండేదని ఎక్కడో చదివాను. ఇంకేముంది, ఇది ఓడ, అవి కొయ్యలు, ఆ చుక్కలు సముద్రం! డిగ్రీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో దీని మీద అరపేజీ వ్యాసం కూడా రాసేశాను. ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఒకడు "ప్లాట్ కొనుక్కోరా" అన్నాడు.

అప్పుడే మా అమ్మ ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చింది. యాభయ్యేళ్లుగా రోజూ తెల్లారి వాకిట్లో ముగ్గేసిన మనిషి. ఇక్కడ వాకిలి లేక చేతులు ఊరకుండవు. కిటికీ దగ్గర కూర్చుని నాణేన్ని అరచేతిలో పెట్టుకుంది, భూతద్దం అడగలేదు. నేను ఓడ కథ మొదలుపెట్టానో లేదో, "ఉల్టా పట్టుకున్నవ్ కదరా" అని దాన్ని గిర్రున తిప్పింది. "ఇగో నాలుగు కాళ్లు. ఇగో తోక. గుర్రం ఇది."

గుర్రమే. తిప్పాక ఇక గుర్రం తప్ప ఇంకేమీ కనబడదు. పదిహేను రోజులు నాకెందుకు కనబడలేదో ఇప్పటికీ అర్థం కాదు.

"మరి పైన ఆ చుక్కలేందమ్మా?" అన్నాను, ఓడిపోయినవాడి గొంతుతో.

"గుర్రం తోలెటోడు ఉండె గావచ్చు. ఊడిపోయిండు."

నవ్వొచ్చింది అప్పుడు. తర్వాత చదివితే తెలిసింది, నాణేల పండితులు చెప్పే మాట కూడా దాదాపు అదే! మాసిడోనియా రాజు రెండో ఫిలిప్, అలెగ్జాండర్ తండ్రి, క్రీ.పూ. 359 నుంచి 336 వరకు ఏలాడు. ఆయన బంగారు నాణెం మీద ఒకవైపు ఆకుల దండ పెట్టుకున్న అపోలో తల, రెండోవైపు రెండు గుర్రాల రథం, దాన్ని తోలే మనిషి. కెల్టు వీరులు కిరాయికి యుద్ధాలు చేసి ఇలాంటి బంగారాన్ని జీతంగా తీసుకున్నారు, అలవాటుపడ్డారు, తర్వాత తామే కొట్టుకోవడం మొదలుపెట్టారు. యూరప్ దాటి, సముద్రం దాటి బ్రిటన్ చేరేసరికి రెండు గుర్రాలు ఒకటయ్యాయి. రథంలో చక్రం ఒక్కటే మిగిలింది, కొన్నిటిలో అదీ చుక్కే. తోలేవాడు చుక్కల గుంపయ్యాడు. అపోలో ముఖం పోయి తలమీద దండ మిగిలింది. నేను ఇటుకల వరస అనుకున్నది ఆ దండే. బంగారు నాణెం బరువు కూడా 8.6 గ్రాముల నుంచి 6 గ్రాములకు, ఇంకా కిందికి జారింది.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. 19వ శతాబ్దంలో జాన్ ఎవాన్స్ అనే ఆయన (గ్రీసు దీవి క్రీట్‌లో నోసస్ అనే పాత నగరాన్ని తవ్విన ఆర్థర్ ఎవాన్స్‌కి తండ్రి) ఈ నాణేలన్నిటినీ వరసగా పేర్చి ఏది దేని నుంచి వచ్చిందో తేల్చాడు. గొప్ప పని, కాదనను. కానీ అప్పట్నుంచి "నకలుకు నకలు, చెయ్యి తిరగనివాళ్లు పాడుచేసిన బొమ్మ" అనే మాట పట్టుకుని వేలాడుతున్నారు జనం. బ్రిటిష్ మ్యూజియంలో, ఇంగ్లండులోని స్నెటిషామ్‌లో దొరికిన కంఠాభరణం ఉంది, వెళ్లి చూడండి. 64 సన్నటి తీగలు, ఎనిమిదేసి చొప్పున మెలిపెట్టి ఎనిమిది తాళ్లు చేసి, వాటిని మళ్లీ కలిపి మెలిపెట్టారు. బరువు కిలో పైనే. ఇదే కాలపు మనుషుల పని. అంత చెయ్యి ఉన్నవాళ్లకు ముక్కు చెక్కడం రాలేదా? పైగా నాణెం అచ్చును తిరగేసి, లోతుగా, బొటనవేలి గోరంత చోటులో చెక్కాలి. రానివాడి చేతిలో అది చెత్తగా వస్తుంది తప్ప ఇంత లయగా రాదు. పారిస్‌కి పేరిచ్చిన పారిసీ తెగ వాళ్ల బంగారు నాణెం ఫొటో వెతికి చూడండి. జుట్టు అలలు అలలుగా ముఖాన్ని వెనక్కి నెట్టేసి నాణెమంతా ఆక్రమించి ఉంటుంది. అది చెయ్యి జారి వచ్చిన బొమ్మ అంటే నేను నమ్మను. చెక్కినవాడికి గుర్రం ఇంటి ముందే ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు చూపించి ఎవరిని మెప్పించాలి? పరుగు కావాలి వాడికి, పరుగే చెక్కాడు. ఇది నా సిద్ధాంతం, ఓడ సిద్ధాంతం కన్నా గట్టిదే. మా అమ్మ ముగ్గులో తామరపువ్వు వేస్తే రేకులు సరిగా లేవని ఎవరైనా అన్నారా?

మన దేశంలోనూ ఇలాంటిదే జరిగింది. పర్షియా సాసానీ రాజుల వెండి నాణెం మీద ఒకవైపు రాజు, రెండోవైపు అగ్నివేదిక. గుజరాత్, రాజస్థాన్ వైపు కొన్ని శతాబ్దాలు దాన్నే కొట్టీ కొట్టీ రాజు ముఖం చుక్కలూ గీతలూ అయిపోయింది, వేదిక నిచ్చెన మెట్లలా మారింది. గదైయా పైసా అంటారు. అందులోనూ అందం ఉంది, పట్టించుకునేవాళ్లే తక్కువ.

పట్టించుకోవడం అంటే గుర్తొచ్చింది. ఇంటర్నెట్‌లో నాణేన్ని పళ్లెమంత పెద్దది చేసి చూపిస్తారు. చేతిలోకి వస్తే పాత పావలా అంత! ఫొటో చూసి కొన్నవాళ్లు మోసపోయామంటారు. ఇంకొందరు గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి, నంబరు అంటించి, దాని మీద మార్కులు చెప్పుకుంటారు. ఈ నాణేలను వేళ్ల మధ్య తిప్పాలి, పక్కనుంచి వెలుతురు పడాలి, అప్పుడే గుర్రం కదులుతుంది. పెట్టెలో పెడితే ఈదే చేపను గాజు పెట్టెలో బిగించినట్టే. ఇక బంధువులకు ఒకటే ప్రశ్న, "పదేళ్లకు ఎంతవుతుంది?" ఏమో, నాకు తెలిస్తే టిబెరియస్‌నే కొనేవాణ్ణి. అన్నిటికన్నా పెద్ద గండం మా అమ్మే తెచ్చింది. గుర్రాన్ని కనిపెట్టిన మర్నాడే "నల్లగ అయింది, చింతపండు పెట్టి తోముత తే" అంది. రెండు వేల ఏళ్ల నలుపు అది, పోతే మళ్లీ రాదని బతిమాలి దాచిపెట్టాను.

రోమన్ల గాలి తగిలాక నాకీ నాణేల మీద మోజు తగ్గుతుంది. కామ్యులోడూనమ్, అంటే ఇప్పటి కోల్చెస్టర్, ఏలిన కునోబెలిన్ నాణెం మీద ధాన్యపు కంకి ఉంటుంది. మా పక్క సిల్చెస్టర్ వైపు ఏలిన వెరికా నాణెం మీద ద్రాక్షాకు. వీరిద్దరూ బీరుకీ వైనుకీ ప్రచారం చేసుకున్నారని ఒక పాత జోకు. బాగానే ఉంటాయి, పేర్లు చదవొచ్చు, చరిత్ర చెప్పొచ్చు. కానీ ఆ కాలం ముఖాలు కొన్ని అచ్చం రోమన్ ముఖాలే, ఫొటో స్టూడియోలో కూర్చోబెట్టినట్టు. ఆ వెరికాయే చివరికి రోముకు పారిపోయి చక్రవర్తి క్లాడియస్‌ను బ్రిటన్ మీదికి పిలుచుకొచ్చాడని చెబుతారు, క్రీ.శ. 43లో. బొమ్మ అప్పగించినవాడు ఊరు అప్పగించడా?

కొనాలనుకుంటే ఒక్కమాట. ఎక్కడ దొరికిందో రాసి ఉన్న నాణెమే కొనండి, నాలుగు పౌన్లు ఎక్కువైనా సరే. ఇంగ్లండులో ఒకేచోట రెండో అంతకన్నా ఎక్కువో పాత బంగారు, వెండి నాణేలు దొరికితే 1996 నాటి చట్టం ప్రకారం 14 రోజుల్లో అధికారులకు చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌లో కెల్టిక్ నాణేల పట్టిక ఉంది, 1961 నుంచి ఒక్కో నాణేన్నీ నమోదు చేస్తున్నారు. చెప్పకుండా తవ్వి అమ్మేసుకున్నవి అందులోకి ఎక్కవు, వాటి ఊరేదో ఇక ఎప్పటికీ తెలియదు.

ఆ ఏడాదే అమ్మను ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అఫింగ్టన్ తెల్లగుర్రం దగ్గరికి తీసుకెళ్లాను. కొండవాలు మీద 110 మీటర్ల గుర్రం, కందకాలు తవ్వి సుద్ద నింపి గీసింది. ఈ నాణేల గుర్రాలతో పోలిక చూసి అదీ అదే కాలపుదని చాలాకాలం అనుకున్నారు. తర్వాత మట్టిని పరీక్షిస్తే దాదాపు మూడు వేల ఏళ్లదని తేలింది, అంటే నాణేలకన్నా ఎంతో పాతది. దగ్గరికి వెళ్తే ఏమీ తెలియదు, గడ్డిలో తెల్లటి వంపులు తప్ప. ఫోనులో ఆకాశం నుంచి తీసిన ఫొటో చూపించాను. "దీనికి సుత రెండు కాళ్లు అతకలే. నీ పైస లెక్కనే ఉన్నది" అంది. గడ్డి కమ్మేయకుండా జనం వచ్చి కొత్త సుద్ద పోసి సుత్తులతో కొడతారని చెప్పాను. "గంతే కదా మరి, ముగ్గు మాసిపోతే మల్ల ఎయ్యాలె" అని గాలికి కొంగు తలచుట్టూ బిగించుకుని గబగబా దిగిపోయింది. కారెక్కి తలుపు వేసుకున్నాక అడిగింది, "అసొంటిది ఇంకోటి ఎంతకొస్తదిరా?"

రెండో నాణెం అలా వచ్చింది.