ఇంట్లో కూడా మేడమ్‌గానే ఉండిపోతున్నాను

ప్రశ్న: మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక మండల కేంద్రం. నాకు 34 ఏళ్లు. బీఎస్సీ, బీఎడ్ చదివి, పద్నాలుగు మంది టీచర్లున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్లుగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతున్నాను. జీతం 12 వేలు. మే నెల జీతం ఇవ్వరు, కానీ అడ్మిషన్ల కోసం ఆ నెలంతా ఊళ్లు తిరగాలి. మా పాప అదే బడిలో సగం ఫీజుతో మూడో తరగతి చదువుతోంది. మోటార్ల వైండింగ్ షాపు నడిపే మా వారు, ‘ఆ జీతానికి ఇంత తిప్పలెందుకు, మానెయ్’ అంటారు. అత్తమ్మ మాతోనే ఉంటారు. 2017లో టీచరు అర్హత పరీక్ష టెట్ పాసయ్యాను కానీ, సర్కారు టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుదామని రాత్రి పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తోంది. పోయిన వారం హోంవర్కులో తీసివేతలు తప్పు చేసిందని పాపను స్కేలుతో కొట్టాను. ‘ఇంట్లో కూడా నువ్వు మేడమ్‌వేనా?’ అని ఏడ్చింది. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఉద్యోగం మానేసి, పాపను చూసుకుంటూ డీఎస్సీకి చదువుకోమంటారా?

జవాబు: మీరు ఉద్యోగం గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను ఆపేసినది పాప అడిగిన మాట. అందుకే ముందు దాని గురించి రాస్తాను.

తరగతిలో నలభై మంది పిల్లల మధ్య, తొమ్మిదేళ్లుగా, ఎంత అలసిపోయినా మీరు ఓర్చుకుంటూనే ఉన్నారు. అక్కడ కోపం చూపడానికి వీల్లేదు. కరస్పాండెంట్ గారి మీద చూపలేరు, ‘మా వాడికి మార్కులెందుకు తగ్గాయి’ అని అడిగే తల్లిదండ్రుల మీద చూపలేరు, జీతం గురించి మాట్లాడే భర్త మీదా చూపలేకపోతున్నారు. ఆ రోజు అదంతా, ఎదురు చెప్పలేని ఎనిమిదేళ్ల పిల్ల మీద పడింది. ఇలా అన్నానని దెబ్బను తేలికగా తీసుకుంటున్నానని అనుకోకండి. అది తప్పే, పాపతో ఆ మాట మీరే చెప్పాలి. ‘నిన్ను కొట్టడం నా తప్పు, ఇక కొట్టను’ అని చెప్పి అక్కడితో ఆగండి. ‘నువ్వు కూడా సరిగ్గా రాసి ఉంటే’ అనే మాట దానికి తగిలించకండి, ఎందుకంటే పిల్లలకు అందులో చివరి ముక్కే గుర్తుండిపోతుంది.

పాప పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బడిలో మిమ్మల్ని మేడమ్ అనే పిలవాలి. వరండాలో ఎదురుపడినా పరుగెత్తి వచ్చి కొంగు పట్టుకోవడానికి లేదు. మిగతా పిల్లలకు బడి వదిలాక అమ్మ దొరుకుతుంది. మీ పాపకు మాత్రం అదే మేడమ్ ఇంటికి వచ్చి మళ్లీ నోట్సు తెరుస్తోంది. కాబట్టి కొన్నాళ్లపాటు పాప హోంవర్కును మీ చేతుల్లోంచి పూర్తిగా తప్పించండి. చూడాల్సినది ఏమైనా ఉంటే షాపు కట్టేసి వచ్చాక వాళ్ల నాన్న చూస్తారు. ఎక్కాలు నాయనమ్మకు అప్పజెప్పమనండి. చదువు రాకపోయినా నోటిలెక్కలో తప్పు పట్టగలిగే పెద్దవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఇంటికి వచ్చిన మొదటి అరగంట సంచి తెరవకుండా, టీ తాగుతూ పాప చెప్పే కబుర్లు వినండి. తీసివేతలు కొంచెం ఆలస్యంగా వస్తే వచ్చే నష్టం ఏమీ లేదని లెక్కల టీచరుగా మీకు నాకన్నా బాగా తెలుసు.

నోట్సులు ఇంటికి మోసుకురావడం కూడా తగ్గాలి. రోజుకో వరుస చొప్పున తరగతిలోనే దిద్దడం, స్లిప్ టెస్టు పేపర్లను పిల్లలే ఒకరివి ఒకరు మార్చుకుని దిద్దేలా జవాబులు బోర్డు మీద రాయడం చాలామంది టీచర్లు చేస్తున్న పనే. ఈ పద్ధతిని హెడ్మాస్టరు గారికి ముందే చెప్పి మొదలుపెట్టండి.

మీ వారి మాట మిమ్మల్ని నొప్పించింది, ఆ నొప్పి సహజమే. అయితే మీరు రోజూ రాత్రి పుస్తకం మీద తల వాల్చడం చూస్తున్న మనిషి కూడా ఆయనే కనుక, ఆ మాటలో చిన్నచూపుతో పాటు బెంగ కూడా ఉండి ఉండవచ్చు. ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని మీ ఆదాయం కాగితం మీద రాయండి. పదకొండు నెలల జీతం, పాపకు తగ్గుతున్న సగం ఫీజు ఒక పక్కన, ఆటో కిరాయి, మే నెల శ్రమ ఇంకో పక్కన వేయండి. ఆ తర్వాత, లెక్కకు రాని విషయం ఒకటి ఆయనతో నేరుగా చెప్పండి: నా పనిని తక్కువ చేసి మాట్లాడితే నేను ఇంకా అలసిపోతున్నాను, నాకు మీ మాట సాయం కావాలి అని.

డీఎస్సీ కోసం ఇప్పుడే మానేయమని మాత్రం నేను చెప్పలేను. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ పెద్ద నియామకం జరిగింది 2024లోనే. అందులో మొత్తం 11,062 పోస్టులుంటే, అన్ని జిల్లాలకూ అన్ని సబ్జెక్టులకూ కలిపి స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) పోస్టులు 2,629. ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ అర్హత కాదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక మీ ముందున్నది స్కూల్ అసిస్టెంట్ దారి ఒక్కటే. తేదీ తెలియని పరీక్ష కోసం చేతిలో ఉన్న జీతం వదిలితే, ఇంట్లో కూర్చుని చదివే ప్రతి గంటా ‘ఇంకా ఎప్పుడు’ అనే ప్రశ్నతో బరువెక్కుతుంది. టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుందని 2021లో తేల్చి, 2011 నుంచి పాసైన వారందరికీ వర్తింపజేశారు కాబట్టి మీ టెట్ చెల్లదేమోనన్న భయం మీకు అక్కర్లేదు. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కనుక, మీ మార్కులు తక్కువగా ఉంటేనే మళ్లీ రాయండి. రాత్రి చదువు మానేసి త్వరగా పడుకోండి. తెల్లవారుజామున ఒక గంట చాలు, ఆ గంటలో వంటింటి పని అత్తమ్మ, మీ వారు పంచుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక సెలవు పెట్టాలా, మానేయాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు.

రెండు వారాలు దాటినా అన్నం సయించకపోయినా, నిద్ర పట్టకపోయినా, కోపం అదుపులోకి రాకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎప్పటికైనా మానేయాలనుకుంటే, విద్యా సంవత్సరం మధ్యలో కోపంతో కాకుండా, వార్షిక పరీక్షలయ్యాక రాతపూర్వకంగా రాజీనామా ఇవ్వండి. పది మంది లేదా అంతకు మించి పనిచేసే బడిలో ఐదేళ్లు దాటిన టీచరుకు గ్రాట్యుటీ (మానేసేటప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము) హక్కు ఉంది, 2022లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. నెలకు 12 వేలు మొత్తం మూల వేతనమే అయితే తొమ్మిదేళ్లకు సుమారు 62 వేల రూపాయలు వస్తాయి. యాజమాన్యం కాదంటే కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకు నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు పద్దులు ఇప్పటి నుంచే ఒక ఫైలులో పెట్టుకోండి. మీరు మానేస్తే పాప ఫీజు రాయితీ కూడా పోవచ్చు కాబట్టి, ఆ ఖర్చును కూడా ఆదివారం వేసే లెక్కలో కలపండి.