బెల్టు జారలేదు తమ్ముడూ, పుల్లీ జారింది

తమ్ముడూ,

మోటారు బెల్టుతో వీల్‌ని తిప్పి రాళ్ళకి సానపట్టే మన మిషన్ గురించి నువ్వు రాసి పంపిన "సాన మిషన్‌లో బెల్ట్ స్లిప్: కారణాలు, నివారణ" వ్యాసం రెండుసార్లు చదివా. మొదటిసారి సగంలోనే కోపం వచ్చి పక్కన పడేశా, నిజం చెప్తున్నా. రాత్రి ఎందుకో నీ ఉత్తరం మళ్ళీ తీస్తే కింద సంతకం పక్కన ఇరికించి రాసిన రెండు లైన్లు కనబడ్డాయి. వాటి కోసమే మళ్ళీ మొదట్నుంచి చదివి ఇది రాస్తున్నా.

ముందు కోపం సంగతి. మూడో పేజీలో ఏం రాశావు? బెల్టు మీదా పుల్లీ మీదా కలిపి చాక్‌పీస్‌తో ఒక గీత గీసి, మిషన్ కాసేపు తిప్పి ఆపి చూడండి, గీతలు విడిపోయి ఉంటే బెల్టు జారుతున్నట్టే అని. ఇది నువ్వు చేసి చూశావా? చూసి ఉండవు, చూసుంటే రాసేవాడివి కాదు. మూడంగుళాల పుల్లీ చుట్టుకొలత తొమ్మిదిన్నర అంగుళాలు దాటదు, బెల్టేమో దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది, బెల్టు ఒక చుట్టు పూర్తి చేసేలోపు పుల్లీ మూడు నాలుగు సార్లు తిరిగేస్తుంది, అలాంటప్పుడు ఆ గీతలు మళ్ళీ కలవడం ఏంటి? నిన్న కొన్న బెల్టుకైనా గీతలు విడిపోతాయి. నీ వ్యాసం నమ్మి ఎవడో బంగారం లాంటి బెల్టు తీసి పారేస్తాడు, కొత్తది వేసి మళ్ళీ గీత గీస్తాడు, అదీ విడిపోతుంది, ఇక వాడికి మతి పోతుంది.

గీత గీయాల్సింది పుల్లీకీ, అది ఎక్కి ఉన్న ఇరుసుకీ, అదే షాఫ్ట్‌కీ మధ్య. పుల్లీ మధ్యలో షాఫ్ట్‌ని పట్టుకునే గుబ్బ ఉంటుంది చూడు, దాని మీదనుంచి షాఫ్ట్ చివరి దాకా తిన్నగా ఒక గీత. ఆ రెండూ ఒక్కటిగా తిరగాలి, వెంట్రుకంత కూడా తేడా రాకూడదు. ఒక రాయి పట్టి నొక్కి, ఆపి, ప్లగ్ పీకి చూస్తే గీత విరిగి ఉందంటే బెల్టు పాపం ఏమీ లేదు, పుల్లీని షాఫ్ట్‌కి బిగించే చిన్న గ్రబ్ స్క్రూ లూజో, ఆ రెంటి మధ్య ఇరికించే కీ ముక్క అరిగిందో. ఎక్కడో ఎవరో చెప్పిన చాక్‌పీస్ ముక్క నీ చెవిన పడింది, సగమే పడింది, మిగతా సగం నువ్వే అల్లేశావు. రాసేవాళ్ళకి ఇదో జబ్బు తమ్ముడూ, నాకూ ఉండేది.

ఇప్పుడు ఆ రెండు లైన్లు. "నా మిషన్‌కి మూడుసార్లు బెల్టు బిగించా సార్, చివరికి బేరింగ్ పోయింది, విప్పితే పుల్లీ గ్రబ్ స్క్రూ లూజు, నవ్వకండి." నవ్వలేదు. లేచి వెళ్ళి నా మిషన్ పుల్లీ ఒకసారి పట్టుకుని ఊపి చూసి వచ్చా. నీ వ్యాసం అదే. నాకేమో వేరేది పంపావు.

చూడు, బిగించిన ప్రతిసారీ రెండు రోజులు బాగా నడిచింది అని కూడా రాశావు అక్కడే. ఎందుకు నడిచిందో ఆలోచించావా? బెల్టు బిగిస్తే అది పుల్లీని ఒక పక్కకి లాగి షాఫ్ట్‌కి గట్టిగా అదుముతుంది, లూజుగా ఉన్న పుల్లీ ఆ ఒత్తిడికి కాసేపు షాఫ్ట్‌ని పట్టుకుంటుంది. జబ్బు ఒకటి, మందు ఇంకొకటి, అయినా కాస్త తగ్గింది కాబట్టి మందు మీద నమ్మకం కుదిరింది, డోసు పెంచావు. ఆ బరువంతా మోసింది షాఫ్ట్‌ని పట్టుకుని తిరగనిచ్చే బేరింగ్. ఇది ఎంత గొప్ప సంగతో నీకు తెలియట్లేదు. ప్రపంచంలో సాన మిషన్ ఉన్న ప్రతివాడూ ముందు బెల్టే బిగిస్తాడు, నేనూ అంతే, అందుబాటులో ఉండేది అదే కదా, మోటారు బోల్టులు నాలుగు లూజు చేసి వెనక్కి లాగితే అయిపోయె. ఆ చెయ్యి బోల్టుల దాకా వెళ్ళకముందే ఒక్క క్షణం ఆపగలిగేది నువ్వు పడ్డ ఆ అవస్థ చదివినప్పుడే. దాన్ని తీసుకెళ్ళి సంతకం పక్కన పడేసి, వ్యాసంలో మాత్రం పన్నెండు కారణాలు నంబర్లు వేసి, ఒక్కోదానికి మూడు లైన్ల చొప్పున తూకం వేసినట్టు పంచిపెట్టావు. బెల్టు వదులవడానికీ మూడు లైన్లే, మోటారు కెపాసిటర్ పోవడానికీ మూడు లైన్లేనా? మొదటిది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. రెండోదానికి అసలు బెల్టుతో పని లేదు, మోటారు గుయ్‌మని అక్కడే నిలబడిపోతుంది.

ఈ నంబర్ల పిచ్చి నీది కాదులే, తెలుసు. ఇప్పుడు ఏం రాసినా పది చిట్కాలు, ఏడు సూత్రాలు అని హెడ్డింగ్ లేకపోతే తీసుకునేవాడు లేడు. నాకో ఎడిటర్ ఉండేవాడు, నేను ఎనిమిది కారణాలు రాసి పంపితే, పది అయితే బావుంటుంది సార్ ఇంకో రెండు చూడండి అన్నాడు. ఇంకో రెండు ఎక్కడినుంచి తేవాలి, మిషన్ దగ్గరికెళ్ళి పాడుచేసుకోమంటాడా? ఇంకొకాయన ఉండేవాడు భాషాభిమాని. నేను బెల్ట్ అని రాస్తే పట్టీ అని, పుల్లీ అని రాస్తే కప్పీ అని, బేరింగ్‌కి ఏదో నోరు తిరగని మాట పెట్టి అచ్చేశాడు. అచ్చయ్యాక చదివితే బావిలో నీళ్ళు తోడే విధానం లాగా ఉంది. మిషన్ ముందు కూర్చునేవాడు ఏ మాట అంటాడో ఆ మాట రాయి, అంతే, నువ్వు ఆ పని బాగానే చేశావు. (ఇదొక్కటే పొగడ్త, దాచుకో.)

నేను పట్టుకుని వేలాడేది ఒకటే. చెయ్యి ఏ వరసలో వెళ్ళిందో అదే వరసలో రాయాలి. తప్పు దారి పట్టిందంటే ఆ దారి కూడా రాయాలి. చదివేవాడికి కారణం తెలీదు కదా, తెలిస్తే నీ వ్యాసం ఎందుకు. వాడికి కనబడేది రాయి ఆనించగానే వీల్ మందగించడం, వినబడేది కీచుమనే చప్పుడు. నువ్వేమో కారణం దగ్గర మొదలెట్టి లక్షణం దగ్గర ఆపావు. నేలమాళిగలో ఉన్నవాడికి మేడమీద నుంచి దారి చెప్పినట్టు ఉంది.

అందుకే ముందు ఎప్పుడు జారింది అని రాయి, ఎందుకు అనేది తర్వాత. స్విచ్ వేసిన మొదటి రెండు క్షణాలు కీచుమని ఆ తర్వాత సర్దుకుంటే ఒక కథ, అది వదులు బెల్టు, లేదా వీల్ షాఫ్ట్ బిగుసుకుని కదలనంటోంది, బెల్టు తీసేసి షాఫ్ట్ చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. రాయి గట్టిగా నొక్కినప్పుడే జారితే ఇంకో కథ, అందులో సగం తప్పు నొక్కే చేతిదే, వీల్ కొరకట్లేదని నొక్కుతాం, వీల్ మొద్దుబారిందని ఒప్పుకోం. పావుగంట బాగా నడిచి అప్పుడు మొదలైతే నీళ్ళు చూడు. వీల్ మీద పడే నీళ్ళు గార్డు వెనకనుంచి షాఫ్ట్ వెంబడి పాకి బెల్టు దాకా వస్తాయి, రాతి బురదతో సహా. నువ్వు "తేమ" అని ఒక్క మాట రాసి వదిలేశావు. తేమ అంటే ఎవడికి ఏం అర్థమవుతుంది? షాఫ్ట్ కింద బూడిదరంగు చారిక ఉందేమో చూడమను.

బెల్టు నిజంగానే జారుతుంటే అది తన సాక్ష్యం తనే వదులుతుంది. బెల్టు తీసి పక్కలు చూస్తే అద్దంలా మెరుస్తుంటాయి, గార్డు లోపల నల్లటి పొడి రాలి ఉంటుంది, మిషన్ ఆపి ప్లగ్ పీకాక చిన్న పుల్లీ దగ్గరకి చెయ్యి పోనిస్తే సెగ తగులుతుంది. చిన్న పుల్లీ ఎందుకంటే బెల్టు దాన్ని తక్కువ మేర చుట్టుకుంటుంది, ముందు జారేది అక్కడే. ఇంకోటి, పుల్లీ గాడి అడుగు చూడమని ఎక్కడా రాయలేదు నువ్వు. వీ బెల్టు, అంటే పైన వెడల్పు, కింద సన్నం ఉండే బెల్టు, దాని పట్టు అంతా గాడి పక్క గోడల మీదే, ఆ ఇరుక్కోవడం వల్లే చదును బెల్టు కన్నా దాదాపు మూడు రెట్లు పట్టు వస్తుంది. బెల్టు అరిగో, గాడి అరిగో, సైజు తేడా వచ్చో అడుగు తగిలిందంటే ఆ ఇరుకు పోయినట్టే, ఎంత బిగించినా లాభం లేదు. గాడి అడుగు తళతళలాడుతుంటే అనుమానం అక్కర్లేదు. 13 మిల్లీమీటర్ల వెడల్పుండే "A" సెక్షన్ బెల్టు ఉండాల్సిన చోట 10 మిల్లీమీటర్లది వేసేవాళ్ళు ఎంతమందో, పొడవు సరిపోయిందిగా అంటారు.

నా సంగతీ చెప్పాలి, లేకపోతే నీకు నేనేదో పుట్టుకతో తెలిసినవాడిలా కనబడతా. నేను అచ్చులో చూసుకున్న మొదటి వ్యాసం బెల్టుకి జిగురు మందు పూయడం గురించి. పొద్దున్న పూశా, మిషన్ పులిలా పట్టుకుంది, సాయంత్రానికి వ్యాసం రాసేసి మర్నాడు పోస్టు చేశా. వారం తిరక్కుండా ఆ జిగురుకి రాతి పొడి అంటుకుని బెల్టు రెండు పక్కలా గరుకు కాగితంలా తయారై పుల్లీ గాడిని సానపట్టడం మొదలెట్టింది. వ్యాసం మాత్రం రెండు నెలల తర్వాత నా పేరుతో సహా వచ్చింది. ఒక పాఠకుడు కార్డు రాశాడు, మీరు చెప్పినట్టే చేశాను, ఇప్పుడు పుల్లీ కూడా కొనాలి అని. ఆ కార్డు చాలా ఏళ్ళు టూల్ బాక్స్ మూతకి అంటించి ఉంచా. మంచి వ్యాసం రాయడానికి నాకు అవసరమైంది ఇంకో వారం, ఆ వారం ఆగలేకపోయా. తర్వాత దిద్దుబాటు రాసి పంపితే వెయ్యలేదు వాళ్ళు, పాత విషయం ఇప్పుడెందుకు అన్నారు!

బిగువు లెక్క కూడా మార్చు. వేలితో నొక్కితే అరంగుళం దిగాలి అన్నావు. ఎంత దూరానికి? రెండు పుల్లీల మధ్య బెల్టు తిన్నగా ఉండే దూరం మీటరు ఉంటే సుమారు 16 మిల్లీమీటర్లు దిగాలి, అదే లెక్కన నీ మిషన్‌లో 300 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటే 5 దగ్గర. అక్కడ అరంగుళం అంటే వదులు. కొత్త బెల్టు ఒకటి రెండు రోజులు నడిచాక కాస్త సాగుతుంది, మళ్ళీ చూడమని చెప్పాలి. రెండు పుల్లీల మొహాల మీద ఒక తిన్నటి స్కేలు ఆనించి వరస చూడమన్నది బావుంది, ఉంచు. బెల్టుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పుల్లీ ఎక్కించమన్న వాక్యం మాత్రం కొట్టేయ్, లోపలి దారాలు తెగుతాయి, మోటారు ముందుకి జరిపి ఎక్కించుకోవాలి. చిన్న పుల్లీ జారుతోందని మోటారుకి పెద్ద పుల్లీ వేస్తే పోతుందన్నావే, అది చాలా ప్రమాదం, దాంతో వీల్ స్పీడు పెరుగుతుంది, వీల్ మీద రాసి ఉన్న గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే రాతి వీల్ పగిలి మొహాన కొడుతుంది. వేస్తే రెండు పుల్లీలూ అదే నిష్పత్తిలో మార్చాలి.

ప్లగ్ పీకండి అన్న మాట ప్రతిచోటా రాయి. నా వ్యాసంలో నాలుగుసార్లు రాస్తే ఒకసారి ఉంచి మూడు కొట్టేశారు, రిపీట్ అయింది సార్ అని. రిపీట్ కావాలనే రాశా. గార్డు తీసి చెయ్యి పెట్టేవాడు మొదటి పేజీ గుర్తుపెట్టుకుని పెట్టడు.

ఆ మొదటి పేజీ, ఆదిమానవుడు రాయిని రాయితో అరగదీసిన దగ్గర్నుంచి మొదలెట్టావే, అది మొత్తం తీసేయ్. కీచుమన్న చప్పుడుతో మొదలుపెట్టు, ఆ రోజు నువ్వు ఏ రాయి పట్టుకుని ఉన్నావో చెప్పు, మొదటిసారి బిగించినప్పుడు ఎంత సంతోషపడ్డావో అదీ చెప్పు. మూడోసారి బిగించాక బేరింగ్ ఏ చప్పుడు చేసింది? రాయలేదు నువ్వు. గరగరా, ఈలా, ఆ తేడా చాలు ఒకడి బేరింగ్ మిగలడానికి.

కలం పేరు పెట్టుకోవాలా, ఎక్కడికి పంపాలి, పుస్తకంగా వేసుకోవచ్చా అని ఇంకేవో అడిగావు, అవి తర్వాత మాట్లాడదాం.

అన్నట్టు అసలు అడగాల్సింది మర్చిపోయా. ఆ గ్రబ్ స్క్రూ ఆనే చోట షాఫ్ట్ మీద చదునుగా ఆకురాయితో రుద్దిన మచ్చ ఉందా, లేక గుండ్రటి షాఫ్ట్ మీదే బిగించేశావా? గుండ్రం మీద బిగిస్తే ఈ వణుకుడికి మళ్ళీ వదులవుతుంది. పుల్లీ తిరిగినప్పుడు షాఫ్ట్ మీద చుట్టూ గీత పడి ఉంటుంది, ముందు దాన్ని నున్నగా చెయ్యి, తర్వాత మచ్చ రుద్ది స్క్రూ దాని మీద కూర్చునేలా బిగించు. గీత గీసి ఒక వారం నడిపి చూడు. ఆ తర్వాతే రాసి పంపు.

ఇట్లు
మీ అన్న