నువ్వు ఆపేసిన ఆ పేజీ గురించి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ నాన్నగారి సాక్ష్యం, అంటే ఆయన విశ్వాస జీవితం కథ, రాస్తూ సగంలో ఆపేశానన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "దేవుని గురించి రాయడానికి నేనెంతవాణ్ణి అన్నయ్యా?" అన్నచోట రెండుసార్లూ ఆగాను. ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నా, తెల్లకాగితం ముందు కూర్చుంటే నాకూ అదే టెన్షన్. అది పోతుందని నీకు మాటివ్వలేను.

మోషే సంగతి చూడు. దేవుడు తన మాట చెప్పడానికి పంపుతుంటే, నాకు నోటి మాంద్యం, నాలుక మాంద్యం అని మొరపెట్టుకున్నాడు. దేవుడు అతని నాలుకను బాగుచేసినట్టు అక్కడ ఎక్కడా లేదు. నీ నోటికి తోడై ఉంటానన్నాడు, అంతే. అప్పటికీ వేరెవరినైనా పంపమని వేడుకుంటే, కోపపడి అతని అన్న అహరోను పేరు చెప్పాడు. నిర్గమకాండం నాలుగో అధ్యాయం మళ్లీ తీసి చూడు. మోషే ఇక్కడ సాకులు చెబుతుండగానే, అక్కడ అహరోను అతణ్ణి కలుసుకోవడానికి బయలుదేరి వస్తున్నాడు.

ఆ మాట నాకు ఆలస్యంగా అర్థమైంది. ఒకసారి మా సంఘంలో ఒకావిడ చనిపోతే, సమాధి కార్యక్రమంలో చదవడానికి నాలుగు మాటలు రాయమన్నారు. రాత్రంతా కూర్చున్నాను. "ప్రేమమూర్తి", "ప్రార్థనాపరురాలు" అని రాయడం, కొట్టేయడం. ప్రార్థన చేశాను. పైనుంచి ఒక్క వాక్యం కూడా ఊడిపడలేదు. తెల్లారాక పక్కింటి పెద్దాయన ఊరికే పలకరించడానికి వచ్చి, మాటల మధ్య ఒకటి చెప్పాడు. ఆవిడ తన బైబిల్లో ఒక చీటీ పెట్టుకునేదట. తనతో గొడవపడ్డవాళ్ల పేర్లు దానిమీద ఉండేవట, రోజూ ప్రార్థించడానికి. రాయాల్సింది దొరికింది. నేను ఆకాశంవైపు చూస్తూ ఉంటే, సహాయం చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

నువ్వూ నీలోనే తవ్వుకుంటున్నావేమో. వెళ్లి పదిమందిని అడుగు. లూకా సువార్తికుడు కూడా అన్నిటినీ మొదటినుంచి తరచి తెలుసుకున్నానని తన సువార్త మొదట్లోనే చెప్పుకున్నాడు కదా. ఆత్మ ప్రేరణకీ ఈ తిరుగుడుకీ పోటీ ఏమీ లేదు. (ఇంకోటి. "దేవుడు నాతో ఇలాగే రాయించాడు" అని ఎడిటరుతో మాత్రం అనకు. మనలో చాలామంది దిద్దుబాటు తప్పించుకోవడానికి వాడే మాట అది.)

"నా కృప నీకు చాలును" అని నీ ఉత్తరం చివర రాశావు. ఆ మాట గోడమీద చూసి చూసి, అది అడిగింది ఇవ్వకుండా దేవుడు చెప్పిన జవాబని మనం మరిచిపోయాం. తన శరీరంలో ముల్లులా గుచ్చుతున్న బాధను తీసేయమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది. సంఘాలకు అతను రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలు, ఘనమైనవే గానీ మనిషి ఎదురుగా ఉంటే బలహీనుడు, మాట కొరగానిదని కొరింథులో అనేవాళ్లు కూడా ఉన్నారు. అయినా రాస్తూ పోయాడు.

నాకు మాత్రం అందరికంటే దగ్గరివాడు బారూకు. యిర్మీయా ప్రవక్త చెబుతుంటే గ్రంథపు చుట్టమీద రాసినవాడు. ఆ చుట్ట చదివి వినిపిస్తుంటే, యెహోయాకీము రాజు మూడు నాలుగు పుటలు కాగానే చాకుతో కోయించి ఎదురుగా ఉన్న కుంపట్లో వేయించాడు. మొత్తం బూడిదైంది. మన రాత తిరిగొస్తేనే మనం వారం రోజులు తిండి మానేస్తాం! దేవుడు యిర్మీయాను ఇంకో చుట్ట తీసుకోమన్నాడు, అతను చెబుతుంటే బారూకు మళ్లీ రాశాడు. రెండోసారి రాసినదానిలో మొదటిదానికంటే మాటలు ఎక్కువే చేరాయి. నిట్టూర్పులతో అలసిపోయానని బారూకు వాపోయినప్పుడు, నీకోసం గొప్పవాటిని వెతుక్కోవద్దని దేవుడన్నాడు. మొదట్లో అది నాకు కఠినంగా అనిపించేది. ఇప్పుడు ఊపిరి తీసుకోనిచ్చే మాటలా వినిపిస్తోంది. గొప్పగా రాయాలన్న బరువు దించేశాక మిగిలేది చిన్న పనే: ఈ పూట ఈ పేజీ.

రాసేముందు ప్రార్థన చేసుకో, చిన్నదే చాలు. పొడుగ్గా చేస్తే రాయడం వాయిదా వేస్తున్నావని నాకు అనుమానం, నా అనుభవం అలాంటిది మరి.

మీ నాన్నగారి సాక్ష్యం సగంలో ఆపానన్నావు కదా, దాన్ని శనివారంలోగా పంపు. సాపు చేయొద్దు, కొట్టివేతలతో సహా పంపు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ పెన్నుతో ఒక గీత పెట్టు. అక్కడినుంచి ఎవరిని అడగాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ అన్నయ్య