పేట పేపరు మొదలుపెడుతున్న అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. చెన్నై పెరంబూరులోని తెలుగువాళ్ళ కోసం పక్షపత్రిక మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం, కాస్త టెన్షన్ కూడా. పద్దెనిమిదేళ్ళు ఇలాంటి పేపరే నడిపాను కాబట్టి రాస్తున్నాను.

1914లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆంధ్రపత్రికను బొంబాయి నుంచి ఈ ఊరికి తెచ్చి దినపత్రిక చేశారు. అది దేశమంతా చూసిన పేపరు. నీది పది వీధుల పేపరు. నువ్వు ఎవరి మీద రాశావో ఆ మనిషి మర్నాడు పాలబూత్ దగ్గర నీకు ఎదురుపడతాడు.

నాకు అలా ఎదురుపడింది ఒక పారిశుద్ధ్య కార్మికురాలు. మా వీధిలో చెత్త ఎత్తడం లేదని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు చెబితే, ‘పనివాళ్ళ నిర్లక్ష్యం’ అని మొదటి పేజీలో వేశాను. రెండు రోజులకి ఆమె ఆఫీసుకి వచ్చింది. ఒక చేతికి గ్లౌజు అలాగే ఉంది. "బండి రిపేరుకి పోయి వారమైంది సార్. వాళ్ళని అడిగారు, నన్నెందుకు అడగలేదు? రోజూ మీ గుమ్మం ముందే కదా ఉంటాను" అంది, మన తెలుగులోనే. సవరణ వేశాను, నాలుగో పేజీలో అడుగున. ఆమె మళ్ళీ వచ్చింది. "తిట్టింది అందరికీ కనబడేలా వేశారు, ఇది ఎవరికి కనబడుతుంది?" అంది. అప్పటినుంచి తప్పు ఏ పేజీలో జరిగితే సవరణ ఆ పేజీలోనే, అదే సైజు హెడ్డింగుతో వేశాను. నువ్వు మొదటి సంచిక నుంచే అలా చెయ్యి.

నీ ఆఫీసుకి వార్తలు వాటంతట అవే వస్తాయి. గుడి కమిటీ, సంఘం వార్షికోత్సవం, నగల కొట్టు ప్రారంభం, శాలువాల ఫొటోలు. వాటితోనే ఎనిమిది పేజీలూ నిండిపోతాయి. రానివాళ్ళ దగ్గరికి నువ్వే వెళ్ళాలి. ఉత్తర చెన్నైలో చీపురు పట్టి బతికే కుటుంబాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. శ్రీకాకుళం నుంచి బిల్డింగ్ పనికొచ్చిన కుర్రాళ్ళూ తెలుగువాళ్ళే. రెండు నెలల సంచికలు ముందేసుకుని ఎర్ర పెన్నుతో పేర్ల కింద గీతలు గియ్యి. ఆడవాళ్ళ పేర్లెన్ని, ఏ వీధుల పేర్లు ఒక్కసారీ రాలేదు, చూడు. నేను ఈ పని పదకొండో ఏడు దాకా చెయ్యలేదు. ఆ లెక్క చూసిన రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఇంకొకటి. వాళ్ళని కష్టం వచ్చినప్పుడే పేపర్లోకి తేకు. 2025 ఆగస్టులో చెత్త ఎత్తే పనిని ప్రైవేటుకి అప్పగించవద్దని కార్మికులు కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చుంటే కెమెరాలన్నీ అక్కడే ఉన్నాయి. వాళ్ళ పిల్ల ప్లస్ టూలో మంచి మార్కులు తెచ్చుకున్నప్పుడు కూడా ఎవరో ఒకరు ఫొటో తీయాలి కదమ్మా! ఆ ఫొటో నీ పేపర్లో రావాలి.

వాళ్ళ మాటల్లో అరవం కలుస్తుంది. కలవనీ. ‘శుద్ధం’ చేసి వేస్తే అది వాళ్ళ మాట కాదు. అవసరం లేనిచోట కులం రాయకు. పిల్లల మీద అఘాయిత్యం జరిగితే పేరే కాదు, వీధి, బడి, తండ్రి చేసే పని కూడా రాయకూడదు. పది వీధుల్లో ఆనవాలు పట్టడం నిమిషం పని.

ప్రకటన ఇచ్చేవాడి మీద ఫిర్యాదు వస్తే అతనికి ఫోన్ చేసి, అతని మాట కూడా తీసుకుని, వార్త వెయ్యి. నాకు అలా ఒక దీపావళి ఫుల్ పేజీ పోయింది. రెండేళ్ళ తర్వాత ఆయనే మళ్ళీ ఇచ్చాడు.

ఆదివారం పులియంతోపు వెళ్తానన్నావట. ఎండెక్కక ముందే వెళ్ళు, పారిశుద్ధ్య కార్మికులు హాజరు వేసుకునే చోట నిలబడు. మొదటి రోజు నోట్‌బుక్ బయటికి తీయకు. టీ తాగి, పేర్లు అడిగి తెలుసుకుని వచ్చెయ్యి.

నీ పెదనాన్న