చంకలో పిల్లులు, చేతిలో 46 లక్షలు: మోటర్‌హోమ్ కొనాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా నాన్నగారి కాలంలోనే పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యాను. నాకు 60 ఏళ్లు, నా భార్యకు 56. పీఎఫ్, గ్రాట్యుటీ, పాత పొదుపు అన్నీ కలిపి 46 లక్షలున్నాయి. 34 లక్షలు జాతీయ బ్యాంకులో, అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని 12 లక్షలు ఒక సహకార బ్యాంకులో డిపాజిట్ చేశాను. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద నెలకు రూ.5,100 వస్తుంది. సొంత మేడ ఉంది, కింది వాటా మీద రూ.6,000 అద్దె వస్తుంది. ఇంటి ఖర్చు నెలకు 18 వేలు. పిల్లల బాధ్యతలు తీరాయి, అప్పులు లేవు. దేశమంతా తిరగాలని ఇద్దరికీ కోరిక. మాకు రెండు పిల్లులున్నాయి. వాటిని వదిలి ఉండలేం, లాడ్జీలవాళ్లేమో రానివ్వరు. అందుకని మంచం, పొయ్యి అన్నీ లోపలే ఉండే మోటర్‌హోమ్ కొందామనుకుంటున్నాం. ఒక సంస్థవారు 26 లక్షలకు తయారుచేసి ఇస్తామన్నారు. పైన సోలార్ పలకలుంటాయి కాబట్టి రాత్రంతా ఏసీ నడుస్తుందట. కావాలంటే 14 లక్షలు అప్పు కూడా ఇప్పిస్తారట. ఇల్లు అమ్మేస్తే ఏ చింతా ఉండదని మా తమ్ముడు అంటున్నాడు. మీ సలహా ఏమిటి?

జవాబు: చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు అని మనవాళ్లు ఎగతాళి చేస్తారు గానీ, మీ ఉత్తరంలో నాకు నచ్చింది సరిగ్గా అదే. వాటిని ఎవరికో అంటగట్టి బయలుదేరాలని మీరు అనుకోలేదు. కాబట్టి పిల్లులను కూడా ఇంటి మనుషుల కిందే లెక్క వేసి చెబుతాను. ఇల్లు అమ్మవద్దు, అప్పు వద్దు, ఈ 26 లక్షల బండి కూడా వద్దు. తిరగడం మాత్రం మానుకోవద్దు.

ముందు బండి ధర సంగతి. మీరు 26 లక్షలను ఒకసారి పెట్టే ఖర్చుగా చూస్తున్నారు. మీలాంటి వారికి అది ఖర్చు కాదు, ప్రతినెలా చేతికి రావాల్సిన జీతం. 60 నిండిన వారు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షల వరకు పెట్టుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి దాని వడ్డీ 8.2 శాతం. చేరిన రోజు ఉన్న రేటే అయిదేళ్లూ వర్తిస్తుంది, వడ్డీ మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. 30 లక్షలకు ఆ మొత్తం రూ.61,500, అంటే నెలకు 20,500. మీరు ఇన్నేళ్లు మిల్లులో షిఫ్టులు చేసి సంపాదించుకున్న అసలైన పింఛను ఇదే. ఈపీఎస్ ఇచ్చే 5,100 దాని పక్కన చిల్లర.

ఇప్పుడు 26 లక్షలు బండికి పోతే మీ దగ్గర మిగిలేది 20. అందులో ఆపద వేళకు నాలుగు పక్కన పెట్టి, 16 లక్షలు ఈ పథకంలో వేస్తే నెలకు సుమారు 10,930 వస్తుంది. పింఛను, అద్దె కలిపితే 22 వేలు, ఏడాదికి 2.64 లక్షలు. ఇంటి ఖర్చు ఏడాదికి 2.16 లక్షలు. ఆరోగ్య బీమా సంగతి కింద చెబుతాను, దానికి 54 వేలు వేసుకోండి. ఇంత బండికి బీమా, సర్వీసు, టైర్లు, బ్యాటరీలు అన్నీ కలిపి ఏటా 70 వేలకు తక్కువ కాదు. మొత్తం 3.40 లక్షలు. అంటే మజ్జిగౌరమ్మ గుడి ముందు పూజ చేయించి తెచ్చి వీధిలో నిలబెట్టి, ఒక్క కిలోమీటరు కూడా కదలకపోయినా ఏటా 76 వేలు అసలులోంచి తీయాలి. కదిలితే ఆపై డీజిల్. ఈ తరహా బండ్లు లీటరుకు ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల మధ్య ఇస్తాయి.

అప్పు తీసుకుంటే చేతిలో డబ్బు మిగులుతుందనే మాట అమ్మేవాడి మాట. 14 లక్షలకు 11 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 24 వేలు. మీ పింఛను, అద్దె రెండూ కలిపినా దానికి సగం కూడా రాదు. డిపాజిట్ మీద ఏడో ఎనిమిదో శాతం తెచ్చుకుంటూ అప్పు మీద పదకొండు కట్టడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

ఇక ఏసీ. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన వాక్యం ఇదే, ఎందుకంటే పిల్లుల ప్రాణం దీనితో ముడిపడి ఉంది. 12 వోల్టుల 200 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే అందులో ఉండే కరెంటు 2.4 యూనిట్లు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే నాలుగు నుంచి ఆరు యూనిట్లు తింటుంది. పైకప్పు మీద 400 వాట్ల పలకలు పెడితే ఎండ బాగా ఉన్న రోజున వచ్చేది రెండు యూనిట్ల లోపే. మరి రాత్రంతా ఏసీ దేనితో నడుస్తుంది? పెద్ద లిథియం బ్యాటరీలతోనైనా నడవాలి, జనరేటర్‌తోనైనా నడవాలి, లేదా ప్రతి రాత్రీ ఎవరి గోడకో ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గుతోనైనా నడవాలి. మొదటి రెండూ 26 లక్షల్లో ఉన్నాయా అని ఆ సంస్థను యూనిట్ల లెక్కలో రాసి ఇమ్మనండి. సోలార్ అన్న మాట విని తృప్తి పడకండి.

పగటి పూట సమస్య మరీ పెద్దది. ఎండలో ఆపిన బండి లోపల కొద్ది నిమిషాల్లోనే ఉక్క పెరిగిపోతుంది. పిల్లి మనిషిలా ఒళ్లంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు. కాబట్టి కోణార్కలో మీరిద్దరూ కలిసి గుడి చూడలేరు. ఒకరు లోపలికి వెళితే మరొకరు బండిలో పిల్లుల దగ్గర కూర్చోవాలి. పులుల అభయారణ్యాల్లోకి పెంపుడు జంతువులను అనుమతించరు. మోటర్‌హోమ్ ఉంటే పిల్లుల సమస్య తీరుతుందని మీరు అనుకుంటున్నారు. తీరేది రాత్రి పడక సమస్య ఒక్కటే.

ఇంకో మాట, కాస్త కటువుగా ఉన్నా వినండి. కుక్క మనిషిని అంటిపెట్టుకుంటుంది, పిల్లి చోటును అంటిపెట్టుకుంటుంది అంటారు. కొన్ని పిల్లులు ప్రయాణానికి అలవాటు పడతాయి, కొన్ని చచ్చినా పడవు. మీ రెండూ ఏ రకమో తెలియకుండా 26 లక్షలు పెట్టడం జూదం. పక్కింటి వారికి నెలకు మూడు వేలిచ్చి, మేడ మీది గదిలోనే వాటిని ఉంచి, రెండు పూటలా తిండి పెట్టించే మార్గం కూడా ఉంది. మీ మనసు ఒప్పుకోదని తెలుసు. అయినా పిల్లుల వైపు నుంచి ఒకసారి ఆలోచించండి.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. మోటర్ క్యారవాన్‌లకు, అంటే మోటర్‌హోమ్‌లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన బండికే ఆర్‌సీలో ఆ తరగతి రాస్తారు. మామూలు వ్యాను కొని, సీట్లు పీకి, మంచం, పొయ్యి బిగించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పు చెల్లదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూసేది ఆర్‌సీలో ఉన్నదీ బండిలో ఉన్నదీ ఒకటేనా అని. కాబట్టి ఆమోద పత్రం చూపించకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మరి ఎలా తిరగాలి? నేనైతే ఇలా చేస్తాను. ఎనిమిది లక్షల లోపు బాగున్న పాత ఏడు సీట్ల కారు తీసుకుంటాను. వెనక వరుస మడిచేస్తే పెద్ద బోను, ఇసుక ట్రే, తిండి డబ్బా హాయిగా పడతాయి. రాత్రికి పెంపుడు జంతువులను రానిచ్చే హోమ్‌స్టేలు. లాడ్జీలు రానివ్వవన్నది నిజమే గానీ, సొంత ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చే వారిని ముందే ఫోన్‌లో అడిగి, టీకాల పుస్తకం ఫొటో పంపి, శుభ్రం చేసినందుకు మూడు నాలుగు వందలు అదనంగా ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. కారు చౌకగా వస్తుందని రాయగడ వాళ్లు విశాఖకో విజయనగరానికో వెళ్లి కొనడం మామూలే. అలా కొంటే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఏడాది లోపు ఒడిశా నంబరు వేయించి, ఇక్కడి పన్ను కట్టాలి. ఆ పన్ను కూడా కలిపాక నిజంగా చౌకేనా అని చూసుకోండి. కారుకైతే ఇంకో సౌకర్యం ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ వార్షిక పాస్ ఇస్తున్నారు, మొదలుపెట్టినప్పుడు దాని ధర రూ.3,000. జాతీయ రహదారుల టోల్‌గేట్లలో 200 సార్లు లేదా ఏడాది, ఏది ముందయితే అంతవరకు పనిచేస్తుంది. అది సొంత కారు, జీపు, వ్యాను తరగతికే. మినీబస్సు తరగతిలో పడే మోటర్‌హోమ్‌కు రాదు.

ఈ దారిలో లెక్క చూడండి. కారుకు పోగా 38 లక్షలు. నాలుగు ఆపద నిధి, 30 సీనియర్ సిటిజన్స్ పథకం, మిగిలిన నాలుగు మీ భార్య పేర పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకం. దానికి 7.4 శాతం, నెలకు సుమారు 2,470. పింఛను, అద్దె కలిపి మొత్తం 34 వేలు, ఏడాదికి 4.09 లక్షలు. నలభై అయిదు రోజుల యాత్ర, నాలుగు వేల కిలోమీటర్లు అనుకుందాం. పెట్రోలు 30 వేలు, బస రాత్రికి 1,500 చొప్పున 67,500, మీ భోజనం 27 వేలు, టోలు, పిల్లుల ఖర్చు కలిపి ఏడు వేలు. మొత్తం 1.32 లక్షలు. మిగిలిన పదిన్నర నెలల ఇంటి ఖర్చు 1.89, ఆరోగ్య బీమా 0.54, కారు బీమా, సర్వీసు 0.30. అన్నీ కలిపి 4.05 లక్షలు. సరిపోయింది, కానీ అంచు దాకా వచ్చింది. కాబట్టి ఏడాదికి ఒక పెద్ద యాత్ర. రెండోది కావాలంటే చుట్టాలున్న ఊళ్ల మీదుగా వేసుకోండి.

దేనికైనా ముందు ఒక చిన్న పరీక్ష. వేసవి కాకుండా నవంబరు తర్వాత ఒక కారు అద్దెకు తీసుకుని, రెండు పిల్లులనూ వెంటబెట్టుకుని కొరాపుట్ వైపు మూడు రోజులు వెళ్లి రండి. ఘాట్ మలుపుల్లో అవి తింటున్నాయా, ట్రే వాడుతున్నాయా, కొత్త గదిలో మంచం కిందినుంచి బయటకు వస్తున్నాయా గమనించండి. బయలుదేరే ముందు రేబిస్ టీకా, పిల్లులకు పలు జబ్బులకు కలిపి వేసే టీకా, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ పూర్తయి ఉండాలి. బండి తలుపు తీసే ముందు ఒంటికి తొడిగే పట్టీ (హార్నెస్) వేసి తాడు కట్టండి. హైవే పక్కన బెదిరి దూకిన పిల్లి మళ్లీ దొరకదు. ఆ మూడు రోజులూ బాగా గడిస్తే, కేరళ లాంటి చోట్ల డ్రైవరుతో సహా దొరికే క్యారవాన్‌ను ఒకసారి నాలుగు రోజులకు తీసుకుని చూడండి. 2021లో ఆ రాష్ట్రం క్యారవాన్ పర్యాటకానికి ప్రత్యేక విధానమే తెచ్చింది. పిల్లులను ఎక్కించుకుంటారో లేదో ముందే అడగండి. అప్పటికీ మోటర్‌హోమ్ మీదే మనసుంటే, వాడిన బండి కోసం వెతుకుదాం, నాకు మళ్లీ రాయండి.

యాత్ర కన్నా ముందు తేలాల్సినవి రెండున్నాయి. మిల్లు ఇచ్చిన గ్రూపు బీమా రిటైర్మెంట్‌తో పోయి ఉంటుంది. మీ ఉత్తరంలో ఆరోగ్య బీమా ఊసే లేదు. ఇద్దరికీ కలిపి పది లక్షల పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఏడాదికి ఏభై వేల పైమాటే, అందుకే 54 వేలు వేశాను. బీపీ, షుగరు ఉంటే దాచకండి. ముందునుంచి ఉన్న జబ్బులకు క్లెయిమ్ ఇవ్వకుండా కంపెనీ పెట్టే నిరీక్షణ గడువు మూడేళ్లకు మించకూడదు, దాస్తే మాత్రం క్లెయిమే పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు.

రెండోది, ఆ సహకార బ్యాంకులోని 12 లక్షలు. ఏ బ్యాంకు మూతపడినా డిపాజిట్ బీమా ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. అర శాతం కోసం, అంటే ఏడాదికి 6 వేల కోసం, 7 లక్షలను గాలికి వదిలినట్టు ఉంది. గడువుకు ముందే తీస్తే కొంత కోత పడుతుంది, పడనివ్వండి. సీనియర్ సిటిజన్స్ పథకంలోకి మొదట వెళ్లాల్సింది ఈ డబ్బే. వడ్డీ ఏడాదికి లక్ష దాటుతుంది కనుక, పన్ను కోయకుండా డిక్లరేషన్ కూడా అదే రోజు ఇచ్చేయండి. అన్ని ఖాతాల్లో మీ భార్య పేరు నామినీగా ఉందో లేదో కౌంటర్ దగ్గరే అడిగి చూసుకోండి. ఈపీఎస్ లైఫ్ సర్టిఫికెట్ కోసం యాత్ర మధ్యలో వెనక్కి రానక్కర్లేదు, ఫోన్‌లో ముఖం చూపించి ఏ ఊరి నుంచైనా పంపవచ్చు.