దగ్గితే మూత్రం పడుతోంది.. గర్భసంచి జారకుండా ముందే జాగ్రత్తపడవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. ఏడాదిగా గట్టిగా దగ్గినా, తుమ్మినా నాలుగు చుక్కల మూత్రం పడిపోతోంది. మా అమ్మకు గర్భసంచి జారితే ఆపరేషన్ చేశారు. నాకూ ఆ పరిస్థితి రాకుండా ఏమైనా చేయవచ్చా?
- ఒక సోదరి

జవాబు: తప్పకుండా చేయవచ్చు. అమ్మగారికి వచ్చింది కాబట్టి మీకు ముప్పు కొంత ఎక్కువే గానీ, వచ్చే తీరుతుందని కాదు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయాలను కింది నుంచి ఊయలలా మోసే కటి కండరాలు కాన్పుల్లో సాగుతాయి. ఆ తర్వాత మలబద్ధకం, మానని దగ్గు, అధిక బరువు వాటిని ఇంకా కుంగదీస్తాయి. వీటిలో రోజూ ముక్కి విరేచనానికి వెళ్లడాన్ని చాలామంది జబ్బుగానే లెక్కించరు. ముందు దాన్ని సరిచేసుకోండి. పీచు పదార్థాలు, నీళ్లు చాలకపోతే మందులు వాడటానికి మొహమాటపడవద్దు.

ఇక కీగల్ వ్యాయామాలు, అంటే ఈ కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలు. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. పైకి లాగమంటే కొందరు కిందికి ముక్కుతారు, దాంతో మేలు పోయి కీడు జరుగుతుంది. మూత్రాన్ని, అపానవాయువును ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి బిగించండి. పొట్ట, తొడలు, పిరుదులు కదలకూడదు. ఊపిరి ఆడుతూనే ఉండాలి. 5 సెకన్లు బిగించి, మళ్లీ అంతే సేపు పూర్తిగా వదిలేయండి. మెల్లగా 10 సెకన్లకు పెంచండి. ఒక విడతకు 10 సార్లు, రోజుకు 3 విడతలు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే అలవాటు మాత్రం వద్దు. గుణం కనిపించడానికి 3 నెలలు పడుతుంది, రెండు వారాలకే విసుగు చెందకండి.

దగ్గు వస్తోందని తెలియగానే, బరువు ఎత్తబోయే ముందు, ఆ కండరాలను ఒక్కసారి బిగించండి. చిన్న కిటుకే, కానీ చుక్కలు పడటం చాలావరకు తగ్గుతుంది. మూత్రం పడుతుందని నీళ్లు తాగడం మానేయవద్దు. చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని ఇంకా చికాకు పెడుతుంది.

ఏడాదిగా ఉంది కాబట్టి ఒకసారి గైనకాలజిస్టుకు చూపించుకోండి. కండరాలు సరిగా బిగుస్తున్నాయో లేదో పరీక్షలో తెలుస్తుంది, అవసరమైతే ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. యోనిలో ఏదో జారినట్టు, గడ్డలా తగిలినట్టు అనిపించినా, మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా రాకపోయినా ఆలస్యం చేయవద్దు. పొత్తికడుపులో, కలయికలో నొప్పి ఉంటే పరీక్ష అయ్యేదాకా ఈ వ్యాయామాలు మొదలుపెట్టకండి. అప్పటికే బిగుసుకుపోయిన కండరాలను మళ్లీ బిగిస్తే నొప్పి పెరుగుతుంది.